కాలని జంపఖానా

మంట జంపఖానా అంచును తాకింది. చుట్టూ నిలబడ్డవాళ్లంతా చిరునవ్వుతో చూస్తున్నారు. అది అంటుకోదని అందరికీ తెలుసు.

అంటుకుంది.

ముందు ఒక మూల నల్లబడింది. తర్వాత నీలం చారల మీదుగా మంట సరసర పైకి పాకింది. ల్యాబ్ అసిస్టెంట్ ఎల్లస్వామి తడి గోనెసంచి తెచ్చి దాని మీద కప్పేసరికి సగం గుడ్డ బూడిదైంది. గదంతా కాలిన నూలు వాసన.

సబియా చేతిలో లైటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. పక్కనే ఉన్న దీప్తి మెల్లగా దాన్ని తీసుకుని ఆర్పింది.

వరంగల్‌లోని ఆ యూనివర్సిటీలో దీప్తి టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు మేనేజర్. ల్యాబుల్లో పుట్టినదాన్ని బయట జనం కొనే వస్తువుగా మార్చడం ఆమె పని. పేటెంటు తీయించాలి, కంపెనీని వెతకాలి, లైసెన్సు ఇప్పించాలి. లేదంటే కనిపెట్టినవాళ్ల చేతే స్టార్టప్ పెట్టించాలి. ఈ పనిలో దిగి చాలాకాలమైనా, ఇంతగా ఆశపెట్టుకున్న కేసు ఆమెకు ఇంకోటి లేదు.

కనిపెట్టింది సబియా. పీహెచ్‌డీ చివర్లో ఉంది. కొత్తవాడ నేతగాడి కూతురు. తండ్రి ఫకీర్ మహమ్మద్ నేసే పత్తి జంపఖానాలకు పేరుంది కానీ గిరాకీ లేదు. పెద్ద హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు ఫైర్ సర్టిఫికెట్ అడుగుతాయి. పత్తికి ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు? సబియా వడ్ల ఊక బూడిద నుంచి సిలికా ద్రావణం తీసి, అందులో నూలు ముంచి, ఆరబెట్టి, మళ్లీ జాడించి నేయించింది. ఆ గుడ్డకు నిప్పు పెడితే అంచు నల్లబడేది, మంట తీయగానే ఆరిపోయేది. చేసిన ప్రతి నమూనా అలాగే ఆరిపోయింది.

ఇవాళ తప్ప. కొనడానికి కంపెనీ వచ్చిన ఇవాళ తప్ప.

కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి వచ్చిన హరికృష్ణ కోపగించుకోలేదు. కాలిన గుడ్డను వేలితో కదిపి చూశాడు. బూడిద వేలికి అంటుకుంటే కర్చీఫుతో తుడుచుకున్నాడు.

"పరిశోధన అన్నాక ఇలాంటివి ఉంటాయి," అన్నాడు. "నేనొక మాట చెప్తాను. దీన్ని ఉన్నది ఉన్నట్టు మా కంపెనీకి రాసిచ్చేయండి. హక్కులన్నీ మావే. ఒకేసారి డబ్బు. తర్వాత పనిచేస్తే మా అదృష్టం, చేయకపోతే మా ఖర్మ."

"మరి సబియా స్టార్టప్?" అడిగింది దీప్తి.

"హక్కులన్నీ మావైతే ఆమె ఏం పెట్టి స్టార్టప్ నడుపుతుంది మేడం?"

సబియా గైడు ఓంప్రకాశ్ సార్ గొంతు సవరించుకున్నాడు. ఇంకో మాట పడకుండా బయటపడితే చాలన్నట్టున్నాడు ఆయన. "బుధవారం లైసెన్సు కమిటీ ఉంది. అక్కడ పెడదాం."

హరికృష్ణ తలూపాడు. "నేను బుధవారం దాకా హనుమకొండలోనే ఉంటాను."

అతను వెళ్లాక దీప్తి తలుపు మూసింది. ఆమెను భయపెడుతున్నది బుధవారం కాదు, శుక్రవారం. ఏడాది కిందట ఈ ఆవిష్కరణకు పేటెంటు ఆఫీసులో తాత్కాలిక దరఖాస్తు వేశారు. ఏడాది లోపు పూర్తి వివరాలు ఇవ్వకపోతే ఆ దరఖాస్తు చచ్చిపోయినట్టే. ఆ ఏడాది శుక్రవారంతో అయిపోతుంది. పనిచేయని పద్ధతిని పేటెంటులో ఏమని రాస్తారు?

"సబియా, ఏం మారింది?" అడిగింది.

"ఏం మారలే మేడం. అదే నూలు, అదే ద్రావణం."

"ఏదో మారింది. లేకపోతే కాలదు."

*

అనుమానం వస్తే ముందు దగ్గరివాళ్ల మీదికే పోతుంది. సబియా చూపు ఎల్లస్వామి వైపు పోయింది. నమూనా తయారైనప్పటి నుంచి మంట పెట్టేదాకా అది ఆయన అల్మారాలోనే ఉంది. పొద్దున క్యాంటీన్ దగ్గర హరికృష్ణతో ఆయన చాయ్ తాగడం కూడా ఆమె చూసింది.

"స్వామన్నా, ఆ సార్‌తోని ఏం మాట్లాడినవ్?"

ఎల్లస్వామి మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత ఆయన ముఖం మారిపోయింది.

"వానలు ఎప్పుడు పడ్తయని అడిగిండు. పడ్తయన్న. చాయ్ తాగిన. చాయ్ తాగితే అమ్ముడుపోయినట్టా బిడ్డా?"

"నేను గట్ల అనలే."

"అనలే గని చూసినవ్. ఇన్నేండ్లు నీ సీసాలు కడిగిన. కంపెనీవాళ్లు వస్తాండ్రంటే ఓంప్రకాశ్ సార్ చెప్పినట్టు కొత్త క్యాన్లు తెప్పిచ్చిన, నూలు నేనే మూడుసార్లు కడిగిన, ఒక్క మరక లేకుంట. ఎంత పావురంగ, పానం పెట్టి చేసిన్నో నాకు తెలుసు. గిప్పుడు దొంగనైన." ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

సబియా వెనకాలే పోబోయింది. దీప్తి ఆపింది. "తర్వాత క్షమాపణ అడుగుదువు. ముందు కారణం పట్టుకో. అప్పుడు క్షమాపణకు విలువుంటుంది."

నూలు మారలేదు. సంచి సీలు చూశారు, పాత బేలుదే. ఇక మిగిలింది బూడిద. ఈసారి ద్రావణం కొత్త బూడిదతో చేశారు. వర్ధన్నపేట దగ్గర రైస్ మిల్లు నడిపే వెంకట్రాజం పంపిందే అదీ. సబియా అతనికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"వెంకట్రాజం కాకా, బాయిలర్ల ఊక కాక ఇంకేమన్న కాలుస్తాండ్రా ఈమధ్య? పల్లీ పొట్టు, కట్టె, ఏమన్న?"

"ఊకకే జాగ లేదు బిడ్డా, పల్లీ పొట్టు కొని కాల్చుడెందుకు? ఎందుకడుగుతున్నవ్?"

"బూడిద మారిందేమోనని."

"బూడిద గూడ కల్తీ చేసేటోడు పుట్టిండా ఈ దేశంల? నీకు పంపినోన్ని నేనే, సంచి కుట్టినోన్ని నేనే. పుణ్యానికి ఇస్తే గూడ పంచాయితీనా?"

దీప్తికి నవ్వొచ్చింది. కానీ మాటను నమ్మి ఊరుకునే అలవాటు ఆమెకు లేదు. ఫ్రిజ్ అడుగున పాత ద్రావణం ఒక సీసాడు మిగిలి ఉంది. ఎప్పుడూ విఫలం కానిది. ఎల్లస్వామి కడిగిన నూలు ఒక పోగు తీసి ఆ పాత ద్రావణంలో ముంచారు. డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టారు, జాడించారు, మళ్లీ ఆరబెట్టారు.

సబియా లైటర్ వెలిగించింది.

భగ్గుమంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత ద్రావణంతోనూ కాలిందంటే బూడిద తప్పు కాదు. నూలు పాతదే. రెండూ మంచివే, కలిపితే మాత్రం కాలుతోంది.

"ఇంట్ల పాత నూలు కొంచెం ఉంది మేడం," అంది సబియా నెమ్మదిగా. "అప్పట్ల కడిగి పెట్టింది, ద్రావణంల ముంచలే. అబ్బా మగ్గం పక్కన వేలాడుతుంటది."

"పొద్దున్నే వస్తా. అప్పటిదాకా దాన్ని ముట్టకు."

*

కొత్తవాడ గల్లీలో స్కూటీ ఆపేసరికే మగ్గం చప్పుడు వినిపించింది. ఫకీర్ మహమ్మద్ ఇంటి ముందుగదిలో మగ్గం మీద ఎర్రటి జంపఖానా సగం నేసి ఉంది. ఆయన ఇనుప పళ్ల పంజాతో అడ్డంగా నేసే పేక దారాన్ని కిందికి దట్టిస్తున్నాడు. దీప్తిని చూసి లేచాడు.

"రాండ్రి మేడం. మా బిడ్డ రాత్రి అన్నం తినలే. జర మీరన్నా చెప్పుండ్రి."

"ఇవాళ తింటుందిలెండి," అంది దీప్తి. తనకే నమ్మకం లేని మాట.

మగ్గం పక్క దండెం మీద నూలు పోగు వేలాడుతోంది. సబియా దాన్ని తీసి కొత్త ద్రావణంలో ముంచి డాబా మీద ఎండలో వేసింది. మే నెల ఎండ, నూలు ఆరడానికి ఎంతోసేపు పట్టదు. జాడించి, మళ్లీ ఆరబెట్టి, వాకిట్లో ఇటుక మీద పెట్టి నిప్పు పెట్టింది.

అంచు నల్లబడింది. మంట తీయగానే ఆరిపోయింది.

సబియా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నిన్న కాలిన నూలు, ఇవాళ కాలని నూలు ఒకే బేలులోవి. ద్రావణం ఒకటే. ఒక్కటే తేడా: ఒకటి ల్యాబులో ఉంది, ఇంకొకటి ఇంట్లో ఉంది.

"ఇంటి గాలికి మహిమ ఉందా మేడం?" అంది ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

అప్పుడే సబియా తల్లి సుల్తానా బేగం లోపలి నుంచి వచ్చింది. దీప్తి చేతులు ఖాళీగా ఉండడం చూసి భర్త వైపు తిరిగింది.

"ఏమయ్యా, మేడం వచ్చి ఎంతసేపయింది, నీళ్ల సీసా తేలేదా? దుకాణంల సల్లటి సీసా ఒకటి పట్టుకరా."

"ఇంట్లో నీళ్లు చాలమ్మా," అంది దీప్తి.

"వద్దు బిడ్డా. నల్లా ఇయ్యాల రాలే. ఉన్నయి బోరు నీళ్లే. అవి ఉప్పగుంటయ్. చుట్టాలకు ఇయ్యం."

"మరి మీరేం చేస్తారు వాటిని?"

"ఏం చేస్తం? బోళ్లు తోముతం, బట్టలుతుకుతం, నూలు కడుగుతం."

దీప్తి చూపు వాకిలి మూల పొయ్యి మీదున్న గిన్నె మీద పడింది. లోపలంతా సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కట్టింది.

చుట్టాలకు ఇయ్యం.

నిన్న ల్యాబుకు వచ్చింది కూడా చుట్టమే. హైదరాబాద్ చుట్టం. ఆయన వస్తున్నాడని ఓంప్రకాశ్ సార్ ఏం చెప్పాడు? ఎల్లస్వామి ఏం తెప్పించాడు?

"సబియా," అంది దీప్తి. "ఎల్లస్వామి తెప్పించిన కొత్త క్యాన్లు దేనివి?"

"డిస్టిల్డ్ వాటర్‌వి. కంపెనీవాళ్లొస్తాండ్రు, అంతా ఫస్ట్‌క్లాస్‌గా ఉండాలన్నడు సార్..." సబియా మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె మెల్లగా తల్లి వైపు తిరిగింది. "అమ్మీ, ల్యాబుల నీళ్ల మిషన్ ఖరాబై ఉన్నన్ని రోజులు నమూనాలన్నిటికి నూలు నువ్వే కడిగిచ్చినవు గదా. ఏ నీళ్లతోని?"

సుల్తానా బేగం భయపడింది. "ఇంకేం నీళ్లున్నయ్? బోరువే. ఏం, గవ్వేనా నీ పని ఖరాబ్ చేసినయ్?"

"ఖరాబ్ చేయలే అమ్మీ." సబియా లేచి నిలబడింది. "ఆ నీళ్లే పని చేసినయ్."

తల్లికి అర్థం కాలేదు. భర్త వైపు చూసింది. ఆయనకూ అర్థం కాలేదు.

"ఆ నీళ్లల్ల సున్నం ఉంటది," సబియా వేగంగా చెప్పుకుపోతోంది, ఎవరికి చెబుతోందో చూసుకోకుండా. "అది నూలుకు అంటుకుని ఉంటది. దాని మీద సిలికా పడితే అక్కడ్నే గడ్డకట్టి దారాన్ని పట్టుకుంటది. సున్నం లేకపోతే జాడించంగనే జారిపోతది. నేను పద్ధతిల 'నీళ్లతో కడగాలి' అని రాసిన. ఏ నీళ్లో రాయలే. నీళ్లంటే నీళ్లేననుకున్న."

"అనుకోకు. చేసి చూపించు," అంది దీప్తి.

రెండు బకెట్లు పెట్టారు. ఒకదాంట్లో బోరు నీళ్లు. ఇంకోదాంట్లో ఫకీర్ మహమ్మద్ దుకాణం నుంచి తెచ్చిన, సున్నం తీసేసిన సీసాల నీళ్లు. ఇంకా కడగని ఒకే నూలు చుట్టలోంచి రెండు పోగులు. ఒకే ద్రావణం, ఒకే ఎండ. సుల్తానా బేగం పొయ్యి మీది చాయ్ వదిలేసి వచ్చి నిలబడింది.

సీసా నీళ్ల పోగు కాలి బూడిదైంది. బోరు నీళ్ల పోగు కాలలేదు.

సరిగ్గా అప్పుడే గల్లీ చివర కారు హారన్ వినిపించింది.

*

తెల్ల కారు గల్లీలో పట్టలేదు. హరికృష్ణ దిగి నడుచుకుంటూ వస్తున్నాడు. చేతిలో మిఠాయి డబ్బా.

దీప్తి బకెట్ల వైపు చూసింది. గుట్టు బయటపెట్టనని అతను రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాడు నిజమే, కానీ అది ల్యాబులో చూసినదానికి. ఈ వాకిట్లో చూసినదానికి కాదు. సున్నం సంగతి ఏ దరఖాస్తులోనూ లేదు. ఎవరు ముందు దాఖలు చేస్తే వాళ్లదే. అతని కంపెనీకి లాయర్లు ఉన్నారు, కెమిస్టులు ఉన్నారు.

"సబియా, బకెట్లు," అంది పళ్ల మధ్య నుంచి.

సబియా రెండు బకెట్లూ ఒకేసారి ఒంపేసింది. నీళ్లు వాకిలంతా పారి మోరీలోకి పోయాయి. చీపురు అందుకుని, వచ్చేవాడి కోసం వాకిలి కడుగుతున్నట్టు ఊడ్వడం మొదలుపెట్టింది.

"నా కోసమే కడుగుతున్నారా?" హరికృష్ణ నవ్వాడు. "సబియా గారూ, మీతోనే మాట్లాడాలని వచ్చాను. రేపు కమిటీలో ఏం జరిగినా, మా హైదరాబాద్ ల్యాబులో మీకు ఉద్యోగం ఉంది. ఆ మాట ముందే చెబుదామని."

"కూసోండి సార్," ఫకీర్ మహమ్మద్ కుర్చీ వేశాడు. ఆయన ముఖం ఆనందంతో వెలిగిపోతోంది. "మంచి టయానికి వచ్చిండ్రు. మా బిడ్డ ఇప్పుడే..."

దీప్తి దగ్గింది. ఆయన ఆగాడు కానీ, వచ్చినాయన దగ్గర మాట దాచడం ఆయనకు తెలియని పని. ఇబ్బందిగా కదిలాడు.

హరికృష్ణ చూపు ఇటుక మీద పడింది. ఒక పక్క బూడిద. ఇంకో పక్క అంచు మాత్రమే నల్లబడిన పోగు. వంగి చూశాడు. అతని నవ్వు పోలేదు కానీ కళ్లు మారాయి.

"రెండూ ఒకటే నూలా?"

"ఒకటే సార్," అంది సబియా.

"మరి తేడా?"

"రేపు కమిటీల చెప్తాను."

"ఇవాళ చెప్తే రేపు నా ధర పెరుగుతుంది కదా." సబియా చీపురు ఆడిస్తూనే ఉంది. అతను ఫకీర్ మహమ్మద్ వైపు తిరిగాడు. మర్యాదగా, ఇంటి పెద్దను అడిగినట్టు అడిగాడు. "మీరు చెప్పండి సాబ్. బిడ్డ ఏం కలిపింది?"

వాకిట్లో చీపురు చప్పుడు ఆగింది. ఫకీర్ మహమ్మద్ చుట్టం ముఖం చూశాడు. కూతురి ముఖం చూశాడు. ఆమె చీపురును రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నాకే తెలిస్తే," అన్నాడు ఆయన నిదానంగా, "నేనే ఓ కంపెనీ పెడ్తుంటి గదా సార్."

హరికృష్ణ పెద్దగా నవ్వాడు. సుల్తానా బేగం పళ్లెంలో గ్లాసు పెట్టుకుని వచ్చింది, మిగిలిన సీసా నీళ్లతో. అతను గటగటా తాగాడు. తాగుతూనే డాబా వైపు, దండెం వైపు, పొయ్యి వైపు, తడి వాకిలి వైపు చూశాడు. సగం జవాబు తన చేతిలోని గ్లాసులోనే ఉందని అతనికి తెలియదు.

అతని కారు కదలగానే దీప్తి స్కూటీ స్టార్ట్ చేసింది. "కూర్చో. ఇవాళే దాఖలు చేయాలి. అతను తెలివైనవాడు, రేపటిదాకా ఊరుకోడు."

*

"బోరు నీళ్లని పేటెంటులో రాస్తామా?" ఓంప్రకాశ్ సార్ తల పట్టుకున్నాడు. "కొత్తవాడ నీళ్లు ట్యాంకర్లో హైదరాబాద్ పంపుతామా? ఎవరు కొంటారమ్మా?"

"నీళ్లు ఎవరూ కొనరు సార్," అంది సబియా. "నీళ్లల్ల ఉన్నదేందో తేల్చాలి. బోరు నీళ్లల్ల ఉప్పు ఉంటది, మెగ్నీషియం ఉంటది, కాల్షియం, గదే సున్నం, ఉంటది. ఏది పని చేస్తాందో తేలితే, దాన్ని ఏ ఊరి నీళ్లలోనైనా కలుపుకోవచ్చు."

ఆయన ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. సైంటిస్టు ముందు ఇలాంటి ప్రశ్న పెడితే ఊరుకోవడం కష్టం. చొక్కా చేతులు మడిచాడు. "స్వామి ఏడీ? డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు కావాలి."

ఎల్లస్వామి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. సబియా ఒక్కతే వెళ్లింది.

"స్వామన్నా. తప్పు నాదే. నువ్వు మస్తు మంచిగ కడిగినవ్. అందుకే కాలింది."

"మంచిగ కడిగితే కాలుడేంది?"

"వచ్చి చూడు. నువ్వు లేకుంటే నేను మంట ముట్టియ్య."

ఆయన కొంచెంసేపు బెట్టు చేశాడు. తర్వాత లేచాడు. "ఈసారి ఎట్ల కడగాల్నో ముందే చెప్పు. మళ్ల నన్నంటే ఊకోను."

అదే డిస్టిల్డ్ వాటర్. ఒకదాంట్లో మామూలు ఉప్పు, ఒకదాంట్లో మెగ్నీషియం లవణం, ఒకదాంట్లో కాల్షియం లవణం. మూడు పోగులు వరసగా క్లిప్పులకు వేలాడాయి. ఉప్పు నీళ్ల పోగు కాలింది. మెగ్నీషియం పోగు సగం కాలి ఆగింది. కాల్షియం పోగు వంతు రాగానే సబియా లైటర్ పక్కకు చాచింది. ఎల్లస్వామి లైటర్ తీసుకుని తానే వెలిగించాడు.

మంట తాకింది. తీశాడు. ఆరిపోయింది.

"ఇప్పుడు ఇది అమ్మొచ్చు," అంది దీప్తి. ఇంతవరకూ అది ఒక ఇంటి వాకిట్లో జరిగే వింత. ఇప్పుడు ఎవరైనా, ఎక్కడైనా చేయగల పద్ధతి. ఈ తేడా కోసమే ఆమె ఉద్యోగం ఉంది.

కాల్షియం ఎంత ఉండాలో తేల్చడానికి ఇంకొన్ని పోగులు కాల్చారు. సబియా చెబుతుంటే దీప్తి టైపు చేసింది. హైదరాబాద్ నుంచి యూనివర్సిటీ పేటెంటు లాయర్ వీడియో కాల్‌లో ప్రశ్నలడుగుతూ పోయాడు.

దాఖలు చేయడానికి ఇంకో పేజీ మిగిలి ఉందనగా ఓంప్రకాశ్ సార్ ఫోన్ మోగింది. హరికృష్ణ. సార్ స్పీకర్ నొక్కాడు.

"ప్రొఫెసర్ గారూ, ఆఫర్ రెట్టింపు చేస్తున్నాను. ఒకటే షరతు, మాట ఇప్పుడే ఇవ్వాలి. రేపటికి ఈ ధర ఉండదు."

గదిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. రెట్టింపంటే ఆయన కలగన్న కొత్త ల్యాబు. ఆయన సబియా వైపు చూడలేదు. క్లిప్పుకు వేలాడుతున్న ఆ చివరి పోగు వైపు చూశాడు.

"హరికృష్ణ గారూ, పొద్దున ఏం చూశారు మీరు? ఎందుకు రెట్టింపు?"

"కాలని పోగు చూశాను."

"నేనూ అదే చూస్తున్నాను. రేపు కలుద్దాం." ఫోన్ పెట్టేసి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "దీప్తీ, కానియ్యి."

దీప్తి నొక్కింది. స్క్రీన్ మీద చక్రం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. యూనివర్సిటీ నెట్ ఎప్పుడూ అంతే. ఎల్లస్వామి మానిటర్ పక్కన ఒక్కటిచ్చాడు, ఫ్యాన్‌ను కొట్టినట్టు. రసీదు వచ్చింది.

"చూసిండ్రా?" అన్నాడు ఆయన.

*

బుధవారం కమిటీ గదిలో మంట పెట్టింది హరికృష్ణే. కొత్త ముక్క, ఫకీర్ మహమ్మద్ పొద్దున్నే నేసి పంపింది. ఒకచోట కాదు, నాలుగు మూలలా పెట్టాడు. నాలుగు మూలలా ఆరిపోయింది. అతను లైటర్ మూసి జేబులో వేసుకున్నాడు.

"సరే. మొత్తం మాకే కావాలి. ధర మీరు చెప్పండి."

"మొత్తం ఇవ్వం," అంది దీప్తి. "సినిమాహాలు తెరలు, రైలు సీట్లు, మిల్లు గుడ్డ, అవన్నీ మీకు. లైసెన్సు మీ ఒక్కరికే. చేతిమగ్గం మీద నేసేది మాత్రం సబియా స్టార్టప్‌కు."

"చేనేత మార్కెట్ ఎంతుంటుంది మేడం? చిన్నది. దానికోసం ఇంత పట్టుదలెందుకు?"

జవాబు సబియా చెప్పింది. "చిన్నదే సార్. మీకు అది లేకపోయినా నడుస్తది. మాకు ఉన్నదే అది."

హరికృష్ణ వ్యాపారి. కాదంటే తనకు మిగిలేది ఏమిటో లెక్కేసుకున్నట్టున్నాడు. "ఆ నూలు వేరే మిల్లులకు అమ్మకూడదు."

"అమ్మను. మీరు మగ్గాల జోలికి రావద్దు."

"రాను."

కమిటీ ఒప్పుకుంది. రెండు లైసెన్సులు, రెండు సంతకాలు. సబియా తన స్టార్టప్ పేరు రాయాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, తండ్రి మగ్గం ఉన్న గల్లీ పేరే రాసింది. రహస్య ఒప్పందం మీద మళ్లీ సంతకం పెట్టాకే దీప్తి దరఖాస్తు ప్రతిని హరికృష్ణ ముందుకు తోసింది.

అతను వేగంగా చదువుతూ పోయాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు.

"సున్నపు నీళ్లా?"

దీప్తి తలూపింది.

"నిన్న వాకిలంతా పారింది..." అతను తల వెనక్కి వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు. "నా బూట్లు తడిసింది ఆ నీళ్లతోనే. నాకేమో సీసా నీళ్లిచ్చారు."

"అవును సార్," అంది సబియా.

"ఈసారి మీ ఇంటికి వస్తే ఆ బోరు నీళ్లే ఒక గ్లాసు ఇవ్వండి. ఇంత డబ్బు పెడుతున్నాను, రుచి అయినా చూస్తాను."

సబియా పెన్ను మూత పెట్టింది.

"అమ్మీ ఇయ్యది సార్. చుట్టాలకు ఇయ్యది."